పొగకు వెలకట్టిన కాలం

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు ఎన్నడో అన్నారు. ఆ మాట లోకంలో పుట్టే అపవాదులను ఉద్దేశించి అన్నదే కాని వంటింటిని ఉద్దేశించి అన్నది కాదు. వంటింట్లో పొగ ఉండడం వారికి వింతగా తోచలేదు, లేకపోతేనే దిగులు. పొగ రాని ఇల్లంటే ఆ పూట పొయ్యి రాజని ఇల్లు, పస్తు పడుకొన్న ఇల్లు అని అర్థం. ఇరుగుపొరుగువారు ఇంటికప్పు మీది పొగను చూసి ఆ యింటివారి కడుపును అంచనా కట్టేవారు. అటువంటి పొగ ఈనాడు మహానగరాలలోని గొప్ప భోజనశాలలలో వెలకట్టి వడ్డించే పదార్థమైనది. ఆ వెల ఇచ్చేవారు సంతోషంగానే ఇస్తున్నారు. రోజుల తరబడి ముందుగా బల్ల నిర్ణయించుకొని మరీ ఇస్తున్నారు.

కట్టెల మంట మీద, బొగ్గుల సెగ మీద, అతిథి కన్నుల ఎదుటనే వండి పెట్టడం ఈ భోజనశాలల ప్రత్యేకత. గ్యాసునూ కరెంటునూ కావాలనే పక్కకు నెట్టి, పొయ్యిని తెచ్చి హాలు నడుమ కూర్చోబెట్టారు. ఈ వేడుకను చూసి నవ్వేవారున్నారు, మురిసేవారున్నారు. కట్టెపొయ్యి తప్ప మరొకటి ఎరుగని ఇళ్ళు ఒక తరం క్రిందటిదాకా ఎన్నో ఉండిన మా పాతపట్నం వంటి ఊళ్ళో కూర్చొని ఆలోచించేవానికి మాత్రం నవ్వూ మురిపెమూ రెండూ చాలవనిపిస్తుంది. నిప్పుతో వండడం ఒక విద్య అని లోకం ఎట్టకేలకు ఒప్పుకొన్నది. మంచిదే. ఆ విద్యను ఇన్ని వేల ఏళ్ళు కాపాడినవారెవరు, అందుకు వారు చెల్లించిన మూల్యమేమిటి అన్న ప్రశ్న మాత్రం ఆ విందుబల్లల వద్ద ఎవరూ వేసినట్లు లేదు. ఈ నాలుగు మాటలూ ఆ ప్రశ్నకోసమే.

కొత్త విందు, పాత పొయ్యి

స్పెయిన్ దేశపు బాస్క్ సీమలో ఆక్స్‌పే అనే చిన్న కొండపల్లె ఉన్నది. విక్టర్ అర్గింజోనిస్ అనే ఆయన 1990లో అక్కడ ‘అసాదోర్ ఎచెబారి’ అనే భోజనశాలను తెరిచాడు. ఆయన వంటను ఏ బడిలోనూ చదివినవాడు కాడు. చక్రం త్రిప్పితే నిప్పుకు దగ్గరగా దిగేటట్టు, మళ్ళీ త్రిప్పితే పైకి లేచేటట్టు ఇనుప జల్లెడలను తానే రూపొందించుకొన్నాడు. కట్టెలు కాల్చి తన బొగ్గును తానే తయారుచేసుకొంటాడు. 2024లోనూ 2025లోనూ ప్రపంచంలోని మేటి భోజనశాలలను ఎంచిన పట్టికలో ఆ పల్లెటూరి పొయ్యికి రెండవ స్థానం దక్కినది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోములో నిక్లాస్ ఎక్‌స్టెడ్ 2011లో తెరిచిన భోజనశాలలోనూ కట్టెల నిప్పే దేవుడు. అర్జెంటీనాకు చెందిన ఫ్రాన్సిస్ మాల్‌మన్ ఏడు విధాల నిప్పులను గురించి 2009లో ఒక గ్రంథమే వెలువరించాడు.

మన దేశం ఈ త్రోవలో వెనుకబడి లేదు. ఢిల్లీలోని మౌర్య హోటలులో 1970 దశకం చివర వెలసిన ‘బుఖారా’ను ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడి వ్యవహారమంతా తందూరు చుట్టూ తిరుగుతుంది. అద్దం వెనుక వంటవారు పొడుగాటి ఇనుప చువ్వలను నిప్పుల గుంతలోకి దించడం, తీయడం అతిథులు చూస్తూ ఉంటారు. మినుములను రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి మరునాడు వడ్డిస్తారు. చెంచాలూ ముళ్ళూ బల్ల మీద ఉండవు. మెడకు ఒక గుడ్డ కట్టి, చేతితోనే భోంచేయమంటారు. అమెరికా అధ్యక్షుడుగా ఉండగా 2000లో బిల్ క్లింటన్ అక్కడ విందు ఆరగించాడు. చేతితో తినడం మొరటుతనమని ఒకప్పుడు మన బడిపిల్లలకు నేర్పిన నాగరికత, అదే పనికి ఇప్పుడు మెడలో గుడ్డ కట్టుకొని సిద్ధపడినదన్నమాట!

ఆ తందూరు మాత్రం రాజప్రాసాదంలో పుట్టినది కాదు. పంజాబు పల్లెలలో వాడకొక ఉమ్మడి తందూరు ఉండేది. సాయంకాలం ఆడవారు ఇంటి నుండి పిండి తెచ్చుకొని, ఒకరి తరువాత ఒకరు రొట్టెలు కాల్చుకొని, నాలుగు కబుర్లు చెప్పుకొని పోయేవారు. దానిని ‘సాంఝా చూల్హా’ అనేవారు. ఉమ్మడి పొయ్యి అని అర్థం. దేశవిభజనలో పెషావరు నుండి శరణార్థిగా వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్ తన సహచరులతో కలిసి ఢిల్లీ దరియాగంజిలో ‘మోతీమహల్’ను నెలకొల్పి, తందూరు కోడికి నగరంలో పీట వేశాడు. పల్లె ఆడవారి ఉమ్మడి పొయ్యి, శరణార్థి బ్రతుకుతెరువై, నక్షత్రాల హోటలుకు కిరీటమైన కథ ఇది.

మన తెలుగునాట హైదరాబాదుది మరొక తీరు. రంజాను నెల రాగానే వీధుల వెంబడి ఇటుకలతో, మట్టితో భట్టీలు లేస్తాయి. గోధుమలు, మాంసం, పప్పులు పెద్ద పెద్ద డేగిశాలలో గంటల తరబడి కట్టెల సెగ మీద ఉడుకుతూ ఉంటే, బలమైన కుర్రవాళ్ళు కర్రలతో ఆ హలీమును మెదుపుతూ ఉంటారు. 2010లో హైదరాబాదు హలీముకు భౌగోళిక గుర్తింపు లభించినది. కాగిన నల్లరాతి పలక మీద మాంసాన్ని కాల్చే ‘పత్థర్ కా గోష్త్’ కూడా ఆ నగరపు సొత్తే. ఇందులో విశేషమేమంటే, ఈ రుచులను వీధిలో నిలబడినవాడూ తినగలడు, నవాబూ తినగలడు. నిప్పుకు ఎవరి ముఖమూ తెలియదు.

పొయ్యి చుట్టూ పుట్టిన మాటలు

మహేంద్రతనయ పారే మా పాతపట్నానికి పర్లాకిమిడి పొరుగూరు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా వేరు రాష్ట్రమైనప్పుడు పాలనకు సంబంధించిన గీత నడుమ పడినది కాని, వంటల నడుమ పడలేదు. ఒక వైపు కొండలు, సవర గూడేలు. మరొక వైపు సముద్రతీరం, సరుగుడు తోపులు. నడుమ వరిచేలు, తాటితోపులు. ఇటువంటి చోట నిప్పును వాడుకొనే తీరు ఒక్కటై ఉండడానికి వీలులేదు. తీరుకొక మాట పుట్టినది.

రోజువారీ వంటకు పొయ్యి. పెండ్లికీ తద్దినానికీ, వరుసగా గుండిగలు ఎక్కించడానికి నేలలో తవ్విన గాడిపొయ్యి. బొగ్గులకు కుంపటి. వరిపొట్టు దట్టించి నడుమ సందు విడిచే ఊకపొయ్యి. పిడకల నిప్పును గుంటలో నిలిపితే దాలి. దాని మీద ఉదయం ఎక్కించిన పాలు సాయంకాలానికి ఎర్రని మీగడ కట్టేవి. బూడిద క్రింద దాగిన వేడి నిప్పుకు కుమ్ము. పైన తెల్లగా పేరిన బూడిద నివురు. సగం కాలి మండుతూ ఉన్న కట్టె కొరివి. మంట వేరు, సెగ వేరు, ఆవిరి వేరు, కాక వేరు. నిఘంటువులలో ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలుగా కనిపించినా, వంట చేసే ఇల్లాలికి ఒక్కొక్కటి ఒక్కొక్క పనిముట్టు. మంట మీద చేయవలసిన దానిని సెగ మీద చేయదు. కుమ్ములో పెట్టవలసిన దానిని కొరివికి చూపదు.

తంపటి అన్న మాటను నేటి మా విద్యార్థులలో ఎరిగినవారు అరుదు. తేగలనో, చిలగడదుంపలనో, పచ్చి వేరుసెనగకాయలనో కుండలో కూరి, మూతికి ఆకు అడ్డం పెట్టి, నేల మీద బోర్లించి, చుట్టూ తాటాకూ కంపా వేసి అంటిస్తారు. అందులో నీటిచుక్క పడదు. నిప్పు వెలుపల, దుంప లోపల, నడుమ మన్ను. దుంపలోని తడియే దుంపను ఉడికిస్తుంది. మంట చల్లారిన తరువాత కుండను లేపినప్పుడు వచ్చే ఆ కమ్మని వాసనకు మన భాషలో సరియైన పేరు లేదు. పేరు పెట్టేలోగానే పిల్లలు దుంపలను ఖాళీ చేసేవారు కాబోలు!

ఇక కుమ్ములో కాల్చిన వంకాయ. తోలు నల్లగా మాడి, లోపలి కండ వెన్నవలె కరగాలి. దానిని ఒలిచి, చింతపండు పులుసులో మెదిపి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ చేర్చితే మా ప్రాంతపు పచ్చిపులుసు. పులుసు పొయ్యి ఎక్కదు కనుక పచ్చిదే. కాని పొగవాసన అందులో చివరి మెతుకుదాకా వదలదు. చోడి అంబలి పక్కన నిప్పుల మీద కాల్చిన ఉప్పుచేప, శీతకాలపు రాత్రి కుమ్ములో వేసిన పనసపిక్కలు, ఇవన్నీ పేదవాని పళ్ళెంలోనివే. పలాస పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే జీడిపప్పు సంగతి మరీ ప్రమాదకరమైనది. జీడిపిక్క పెంకులోని నూనె చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి. పిక్కను నిప్పుల మీద వేస్తే ఆ నూనె చిటచిటలాడి భగ్గుమంటుంది. ఆ మంటను ఎంతవరకు రానివ్వాలి, ఏ క్షణాన పిక్కను ఇవతలకు లాగి ఇసుకలోనో బూడిదలోనో పొర్లించాలి అన్నది చూచి నేర్చుకోవలసినదే. క్షణం ముందైతే పెంకు పగలదు, క్షణం ఆలస్యమైతే పప్పు దక్కదు.

కొండవారిది ఇంకొక నేర్పు. ఈనాడు మారేడుమిల్లి, అరకు దారులలో యాత్రికులు ఆగి ఆగి తినే బొంగుకోడిని తీసుకోండి. పచ్చి వెదురు బొంగులో ఉప్పూ కారమూ పట్టించిన కోడిమాంసాన్ని కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద అడ్డంగా పరచి త్రిప్పుతూ ఉంటారు. నూనె వేయరు. పచ్చి వెదురులోని తడి ఆవిరియై మాంసాన్ని ఉడికిస్తుంది. బొంగు మాత్రం పైన నల్లబడుతుంది. కుండ లేనిచోట అడవియే కుండనిచ్చినదన్నమాట. వండినది తిన్న తరువాత కడగవలసిన గిన్నె కూడా లేదు.

వంటచెఱకును ఎంచుకోవడం ఈ విద్యలో సగం. తాటిమట్ట భగ్గున మండి చప్పున ఆరుతుంది. నీళ్ళు కాచుకోవడానికి చాలును. కందికంప తొందరపాటుది, రాజేయడానికే పనికివస్తుంది. సరుగుడు నిలకడగా మండుతుంది. చింత, తుమ్మ కట్టెలు గట్టి బొగ్గును మిగులుస్తాయి. పచ్చికట్టె కన్నీరు పెట్టిస్తుంది. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చదువకుండా, మోపు విప్పీ విప్పకముందే చేతిబరువుతో చెప్పగలిగిన ఆడవారు ప్రతి వీధిలోనూ ఉండేవారు. వారిని పండితులని ఎవరూ పిలువలేదు.

కావ్యాలలో వంటచెఱకు

మన సాహిత్యం ఈ విద్యను పూర్తిగా విస్మరించలేదని చెప్పడానికి సంతోషంగా ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుని యింటి అతిథిసత్కారాన్ని ఋతువు ఋతువుకూ వేరుగా వర్ణించాడు. జడివాన పట్టిన దినాలలో ఏయే వంటకాలు వడ్డించినదీ చెప్పి ఊరుకోలేదు. ఆ తడి దినాలలో ఏ వంటచెఱకుతో వండినదీ చెప్పాడు. ఎండిన కొబ్బరి వంటచెఱకు అది. ఒక సామ్రాజ్యాన్ని ఏలే ప్రభువు, వానాకాలంలో పొయ్యి ఎట్లా రాజుతుందన్న ఇల్లాలి చింతను కనిపెట్టగలిగాడంటే, ఆ కవి చూపు ఎంత దూరం, ఎంత దగ్గర వెళ్ళినదో రసజ్ఞులు ఊహించుకోవచ్చును.

అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఇంకా లోతైనది. రూపం మారి, బాహుకుడన్న పేరుతో వచ్చిన నలుని దమయంతి కన్నులతో గుర్తించలేకపోయినది. కేశినిని పంపి అతని వంటను గమనింపజేసినది. గుప్పెడు గడ్డిని సూర్యునికి చూపగానే అగ్ని పుట్టినదని కేశిని వచ్చి చెప్పినది. అప్పటికీ తృప్తిలేక దమయంతి అతడు వండిన మాంసాన్ని తెప్పించుకొని రుచి చూచినది. చూచి, ఇతడే నలుడని నిశ్చయించుకొన్నది. ముఖం మారవచ్చును, పేరు మారవచ్చును. నిప్పు మీద చేయి పనిచేసే తీరు మారదని ఆ కథలోని కీలకం. వంటవానికి ఇంతకు మించిన బిరుదు ఏ భాషాసాహిత్యంలోనైనా ఉన్నదా అని నా సందేహం.

12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో అన్నభోగమనే ప్రకరణం ఉన్నది. మాంసపు ముక్కలను చువ్వలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే పద్ధతి అందులో చెప్పబడినది. నేటి హోటలువారు విదేశాల నుండి తెచ్చామని చెప్పే విద్య మన దక్షిణాపథంలో రాజుగారి గ్రంథానికి ఎక్కి తొమ్మిది వందల ఏళ్ళయినది. అంతకన్న వెనుకకు పోదలచినవారికి కర్నూలు గుహలున్నవి. అక్కడి ముచ్చట్ల చింతమాను గవిలో దాదాపు 17 వేల ఏళ్ళనాటి పొయ్యి ఆనవాలు బయటపడినది. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో పది లక్షల ఏళ్ళనాటి బూడిద దొరికినదని శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించారు. లిపికి ముందు, సేద్యానికి ముందు, ఊరికి ముందు పొయ్యి ఉన్నది.

ఒక శిష్యుని నిప్పు

రెండేళ్ళ క్రిందట హైదరాబాదు వెళ్ళినప్పుడు అటువంటి ఒక భోజనశాలలో కూర్చొనే అవకాశం నాకు కలిగినది. పాతపట్నం పక్క పల్లెలో పుట్టి, మా కళాశాలలో చదివి, పిదప హోటలు పనిలో స్థిరపడిన ఒక శిష్యుడు పట్టుబట్టి రమ్మన్నాడు. మసక వెలుతురు, హాలు నడుమ ఇటుకలతో కట్టిన పొడుగాటి పొయ్యి, గోడ పొడుగునా అలంకారంగా పేర్చిన కట్టెలు. వచ్చినవారు భోజనం కంటె ముందు మంటను సెల్‌ఫోనులో పట్టుకొంటున్నారు. నాకు శాకాహారం వడ్డించారు. కుమ్ములో కాల్చిన చిలగడదుంప, నిప్పుల మీద మాడ్చి ఒలిచిన వంకాయ, సెగ చూపిన అనాసముక్క. వంకాయ నోట పెట్టగానే చింతపండు పులుసు ఏదీ అని నాలుక అడిగినది. బిల్లు నాకు చూపలేదు కాని, పట్టికలో ఒక్క చిలగడదుంపకు వేసిన ధర కంట పడినది. ఆ సొమ్ముతో మా బజారులో ఒక తట్టెడు దుంపలు వస్తాయి.

నా దృష్టి మాత్రం పళ్ళెం మీద కంటె ఆ కుర్రవాని మీదనే ఉన్నది. అతడు అరచేతిని బొగ్గులకు జానెడెత్తున ఉంచి, లోలోపల అంకెలు లెక్కపెట్టి, చేయి తీసి, అప్పుడు జల్లెడను దించుతున్నాడు. ఒక కట్టెను కొంచెం ఇవతలకు లాగుతున్నాడు, ఒక బొగ్గును అవతలకు త్రోస్తున్నాడు. ఎవరో మాట్లాడిస్తే బదులు చెబుతున్నాడు కాని చెవి మాత్రం పొయ్యి వైపే ఉన్నది. ఈ పని ఎక్కడ నేర్చావని అడిగాను.

“ఏటున్నాది మాస్టారూ! నిప్పు సెప్తాది, మనం ఇనాల, అంతే,” అన్నాడు నవ్వుతూ. మరి కొంతసేపటికి తానే అన్నాడు: “మా యమ్మ పెళ్ళిళ్ళకి గాడిపొయ్యి కాడ వండీది. కట్టిన్ని సేత్తో ఎత్తి సూసీసి, ఇది ఎంతసేపు మండుతాదో సెప్పీసీది. ఇక్కడ దొరలు మూణ్ణెల్లు నేర్పింది నాకు ముందే తెలుసు. ఎలా తెలుసో అప్పుడు తెల్దు.”

ఆమె ఎప్పుడైనా ఇక్కడికి వచ్చినదా అని అడిగాను. ఒకసారి తీసుకువచ్చాడట. హాలంతా కలయజూచి, ధర విని, “పొగ తినడానికి డబ్బులిస్తారేటిరా!” అని విస్తుపోయినదట. చెబుతూ అతడు పైకి చూపించాడు. పొయ్యికి పైన గదిని సగం కప్పేటంత పెద్ద ఇనుప గొట్టపు గొడుగు ఉన్నది. పొగనంతా అది గుటుక్కున మ్రింగి మేడ మీదికి పంపుతున్నది. బల్లల దాకా వస్తున్నది పరిమళం మాత్రమే. “ఆమెకి ఆయాసం మాస్టారూ. పొయ్యి కాడికి ఎల్లొద్దన్నాడు డాట్రు. ఈ గొట్టవొకటి మా యమ్మకి ఉండుంటే...” అని మాట పూర్తిచేయకుండానే ఎవరో పిలిస్తే నిప్పు దగ్గరకు వెళ్ళిపోయాడు.

ముందే వెల కట్టినవారు

ఆ కుర్రవాడు పూర్తిచేయని వాక్యంలో ఈ విషయమంతా ఇమిడి ఉన్నది. పొగలో రెండు భాగాలున్నవి. కట్టెలోని పదార్థాలు వేడికి విడిపోయినప్పుడు పుట్టే సువాసన ద్రవ్యాలు ఒక భాగం. అవే మాంసానికీ దుంపకూ ఆ కమ్మదనాన్ని ఇస్తాయి. పదార్థం పైతోలు ఎర్రబడేటప్పుడు పుట్టే రుచిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించిన రసాయనిక చర్య కలిగిస్తుంది. పొగలోని రెండవ భాగం ఊపిరితిత్తులలో దిగి కూర్చొనే సన్నని మసి, విషవాయువులు. గొప్ప భోజనశాల ఈ రెండింటినీ యంత్రంతో విడదీసి, మొదటిదానిని అతిథికి వడ్డించి, రెండవదానిని ఆకాశానికి వదులుతున్నది. మన ఇళ్ళలో ఆ విభాగం వేరే విధంగా జరిగినది. మొదటిది పళ్ళెంలో అందరికీ చేరినది. రెండవది వండిన ఆడదానికి మిగిలినది.

ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. ఇళ్ళలోని పొగ మూలంగా 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఊదుగొట్టం పట్టుకొని, ఎర్రబడిన కన్నులను కొంగుతో ఒత్తుకొంటూ అన్నం వార్చిన మన తల్లుల సంగతి ఆ లెక్కలోనిదే. పొగకు వెలకట్టినవారు నగరంలోని అతిథులు మొదటివారు కారు. వారికంటె ముందు కన్నులతోనూ ఊపిరితోనూ వెల కట్టినవారున్నారు. వారికి రసీదు ఎవరూ ఇవ్వలేదు.

అందుచేత పాత పొయ్యిలు మళ్ళీ రావాలని కోరడం నా ఉద్దేశం కాదు. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చినప్పుడు, 2016 మే 1న ఉజ్జ్వల పథకం మొదలైనప్పుడు గ్యాసుపొయ్యి వెలిగించుకొన్న ఇల్లాలి ముఖాన కనిపించిన వెలుగు సామాన్యమైనది కాదు. 2024 నవంబరు 1న ఉచిత సిలిండర్ల పథకం మా శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలోనే ఆరంభమైనది. కట్టెలమోపు దించుకొన్న తల మళ్ళీ దానిని ఎత్తుకోవాలని ఎవరు కోరగలరు? పొయ్యి వాసన పోయిందని నిట్టూర్చేవారిలో పొయ్యి ఊదినవారు తక్కువ. పక్కన కూర్చొని తిన్నవారే ఎక్కువ.

అయితే, పొగ పోవడం వేరు, విద్య పోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే బుట్టలో వేసి పారవేయడం వలన వచ్చే నష్టాన్ని గమనించాలి. నిప్పు దగ్గర పనిచేసేవారికి కావలసిన మొదటి గుణం మెలకువ. గ్యాసుకు మీట ఉన్నది, పెద్దది, చిన్నది. కట్టెకు మీట లేదు. కన్ను, చెవి, ముక్కు, అరచేయి, ఇవే మీటలు. గాలి మారితే మంట మారుతుంది. కట్టె మారితే సెగ మారుతుంది. ఒక్క గడియ కూడా ఏమరుపాటు పనికిరాదు. ఎచెబారిలోనైనా, బుఖారాలోనైనా, హైదరాబాదు హాలులోనైనా అంత డబ్బు పోసి జనం కొనుక్కొంటున్నది నిజానికి ఈ మెలకువనే. తమకోసం ఒక మనిషి రెప్పవేయకుండా నిలబడ్డాడన్న అనుభూతికి వారు వెల ఇస్తున్నారు. మన ఇళ్ళలో ఆ మెలకువ ఉచితంగా దొరికినది కనుక దానికి పేరు పెట్టలేదు.

వెల లేకుండా నిప్పువంటను గౌరవించిన చోటు కూడా ఒకటి మన పొరుగుననే ఉన్నది. పూరీ జగన్నాథుని వంటశాలలో నేటికీ కట్టెల నిప్పే, మట్టికుండలే. కుండ మీద కుండ దొంతర్లుగా పేర్చి వండుతారు. అన్నిటికంటె మీది కుండ ముందుగా ఉడుకుతుందని భక్తుల మాట. అక్కడి వంటవారు స్వామికి సేవకులు, వారి పని సేవ. ఆ మహాప్రసాదాన్ని ఆనందబజారులో జాతిభేదం లేకుండా పక్కపక్కన కూర్చొని ఆరగిస్తారు. మా ప్రాంతం నుండి పూరీ వెళ్ళివచ్చినవారు ఎండిన ప్రసాదపు మెతుకులను ఇంట దాచుకోవడం పరిపాటి. నిప్పూ, వండిన చేయీ, తినే నోరూ మూడూ గౌరవం పొందిన చోటు అది.

మిగలవలసినది

పర్లాకిమిడిలో అధ్యాపకుడుగా ఉన్న గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల మాటను సవరల నోటనే విని నేర్చుకొన్నారు. 1931లో సవర భాషను బోధించే గ్రంథాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. అంతవరకు కొండ దిగి వచ్చిన కట్టెలమోపును చూసినవారే కాని, మోపు మోసిన మనిషి మాటను విన్నవారు లేరు. వినదగిన మాట పండితుని మేడలోనే ఉంటుందన్న భ్రమను పంతులుగారు పోగొట్టారు. ఆ పాఠం పొయ్యికీ వర్తిస్తుంది.

మన ఇళ్ళలో కట్టెపొయ్యి మీద వండిన ఆడవారు ఇంకా ఉన్నారు. అరవై, డెబ్బై దాటినవారు. వారిని అడిగితే ఏ కట్టె ఎట్లా మండుతుందో చెబుతారు. దాలికీ కుమ్ముకూ తేడా చెబుతారు. తంపటికి ఏ ఆకు అడ్డం పెట్టాలో చెబుతారు. అడగనందువలననే వారు చెప్పలేదు. ఈ వ్యాసం చదివినవారు ఒక ఆదివారం పూట ఒక కాగితం పట్టుకొని తమ ఇంటి పెద్దావిడ పక్కన కూర్చొని, ఆమె మాటలను ఆమె పలికినట్టే వ్రాసుకొంటే, ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క చిన్న నిఘంటువు తయారవుతుంది. వంటల జాబితాలు వ్రాసేవారు చాలామంది ఉన్నారు. నిప్పు గురించి వ్రాసేవారు కావాలి. అడిగేటప్పుడు ఆమె దగ్గును కూడా వినాలి. ఆ దగ్గుకు వైద్యం చేయించడం ఆ నిఘంటువుకు మొదటి పుట.

పూర్వం అగ్గిపెట్టె అందుబాటులో లేని ఇళ్ళలో, రాత్రి పొయ్యిలో నిప్పును నివురు క్రింద దాచి ఉంచేవారు. తెల్లవారి నివురు కదిపి, దానిమీద పుల్లలు వేసి ఊది మళ్ళీ మంట చేసుకొనేవారు. ఒకవేళ అది ఆరిపోయినా దిగులు లేదు; పొరుగింటికి వెళ్ళి పిడక మీద ఒక నిప్పుకణిక అడిగి తెచ్చుకొనేవారు. ఈ మాటలకూ ఈ విద్యకూ అటువంటి పొరుగిల్లు లేదు. నివురు క్రింద వెచ్చదనం ఉండగానే మనం కదపాలి.